పాత కూటాల క్యాసెట్లకు యూఎస్‌బీ ప్లేయర్: ఎంతవరకు పనికొస్తుంది?

ఆన్‌లైన్‌లో రెండు వేలకు అటూ ఇటూగా రకరకాల పేర్లతో అమ్ముతున్న, చూడ్డానికి అన్నీ ఒకేలా ఉండే వాక్‌మన్ సైజు యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్ గురించి ఈ రివ్యూ. సంఘం బీరువాలోనో ఇంటి అటక మీదో మిగిలిపోయిన ఉజ్జీవ కూటాలు, గుడ్ ఫ్రైడే ఆరాధనలు, కుటుంబ ప్రార్థనల క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించి మళ్ళీ వినాలనుకునేవాళ్ళ కోసం రాస్తున్నాం. ప్రసంగాలకు, సాక్ష్యాలకు, ప్రార్థనలకు ఈ ప్లేయర్ సరిపోతుంది. పాటలకు సరిపోదు. ఏ క్యాసెట్‌లో ఏముందో విని రాసుకోవడానికి మాత్రం చాలా అనువుగా ఉంటుంది. ఐదుకు మూడు నక్షత్రాలు ఇస్తున్నాం. పోయిన ఆ రెండిట్లో ఒకటి మెషీన్ లోపం వల్ల, ఇంకొకటి దాంతో వచ్చే సూచనల కాగితం వల్ల. ఆ కాగితంలో ఉన్నట్టు చేస్తే మంచి క్యాసెట్ కూడా పాడుగా వినిపిస్తుంది.

ఇలాంటి క్యాసెట్లను ఎందుకు వింటామో ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే మెషీన్‌ను కొలవాల్సింది దాన్నిబట్టే. 42వ కీర్తన రాసిన భక్తుడు ప్రాణం కృంగిన వేళ గుర్తు చేసుకున్నది పండుగ చేసుకునే జనంతో కలిసి దేవుని మందిరానికి నడిచి వెళ్ళిన రోజుల్ని. పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక మొదట్లోనే అతని కన్నీళ్ళను, అవ్వ లోయి, తల్లి యునీకేల విశ్వాసాన్ని తలుచుకున్నాడు. ఫిలిప్పీ సంఘాన్ని తలుచుకున్నప్పుడల్లా, మొదటి రోజు నుంచి వాళ్ళు సువార్తలో తనతో పాలివారైనందుకు దేవునికి కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. నమ్మకం సన్నగిల్లినవాళ్ళను మళ్ళీ నిలబెట్టేది చాలాసార్లు ఈ జ్ఞాపకమే. మంచి ప్రసంగం ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతుంది. కానీ మన పేరు పెట్టి ప్రార్థన చేసిన పెద్దమ్మ గొంతు ఆ ఒక్క క్యాసెట్‌లోనే ఉంటుంది. కాబట్టి ప్రసంగీకుడి మాట ఎంత స్పష్టంగా ఉందని కాదు, చుట్టూ ఉన్న సంఘం ఎంత వినిపిస్తోందన్నదే మా కొలత. అలా కొలిస్తే ఈ చవక ప్లేయర్ కొన్నిచోట్ల అనుకున్నదానికన్నా బాగానే నిలబడింది.

పెట్టెలో ప్లేయర్, యూఎస్‌బీ కేబుల్, ఇయర్‌ఫోన్లు, చిన్న సీడీ వస్తాయి. సీడీ అవసరం లేదు. శబ్దాన్ని రికార్డు చేసి సరిదిద్దే ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను దాని సొంత వెబ్‌సైట్ నుంచే దించుకోండి. రెండు పెన్సిల్ బ్యాటరీలతో గానీ, కంప్యూటర్ నుంచి వచ్చే కరెంటుతో గానీ ప్లేయర్ నడుస్తుంది. కంప్యూటర్ దీన్ని మైకుగా గుర్తిస్తుంది. సగం ఇబ్బందులు ఇక్కడే మొదలవుతాయి, ఆ సంగతి తర్వాత. ఇంకో రకం ప్లేయర్‌లో పెన్‌డ్రైవ్ పెడితే కంప్యూటర్ లేకుండానే ఎంపీ3 తయారవుతుంది. సులువుగా ఉంటుందని చాలామంది దాన్నే కొంటారు. ఆరాధన క్యాసెట్లకు మాత్రం మేం దాన్ని వద్దంటాం. వాటిలో చాలావరకు కొన్ని సెకన్లు నిశ్శబ్దం వస్తే పాట అయిపోయిందనుకుని కొత్త ఫైలు మొదలుపెడతాయి. ప్రభువు బల్ల దగ్గర అందరూ తల వంచుకుని ఉన్న మౌనాన్ని అది ముక్కలు ముక్కలుగా కోసేస్తుంది. ఆ విభజనను ఆపేసే బటన్ ఉన్న మోడల్ అయితే తప్ప తీసుకోవద్దు.

క్యాసెట్‌ను మెషీన్‌లో పెట్టే ముందు చేతిలో పట్టుకుని చూడటానికి ఐదు నిమిషాలు వెచ్చించండి. పై అంచున ఎడమ, కుడి మూలల్లో రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు ఉంటాయి. అవి విరగకుండా ఉంటే విరిచేయండి. ఈ ప్లేయర్‌లో రికార్డింగ్ బటన్ లేకపోయినా, ఇంట్లో ఎవరో అదే క్యాసెట్‌ను పాత టూ-ఇన్-వన్‌లో పెట్టి ఎర్ర బటన్ నొక్కితే చెరిగిపోయింది మళ్ళీ రాదు.

తర్వాత క్యాసెట్ మధ్యనుండే కిటికీలోంచి టేపు చుట్టను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. అంచుల మీద తెల్లగా పొడిలా, నూగులా కనిపిస్తే అది బూజు. కోస్తా జిల్లాల్లో, సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇది మామూలే. బూజు పట్టిన క్యాసెట్‌ను నేరుగా ఆడిస్తే ప్లేయర్‌లో టేపును చదివే హెడ్‌కు, టేపును లాగే రబ్బరు రోలర్‌కు అంటుకుని తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. దాన్ని జిప్ సంచిలో సిలికా జెల్ పొట్లాలతో వేరుగా పెట్టండి. ముట్టుకునేటప్పుడు మాస్క్ వేసుకోండి. బూజు పలచగా ఉంటే బాగా ఆరాక చివర్లో, అన్నీ పూర్తయ్యాక ఆడించి వెంటనే మెషీన్ తుడవచ్చు. దట్టంగా ఉంటే అది తెలిసినవాళ్ళు చేయాల్సిన పని.

కిటికీ కింద, టేపు బయటికి కనిపించే అంచు మధ్యలో, రాగి రంగు పలచటి స్ప్రింగు మీద గోరంత ఫెల్ట్ ముక్క ఉంటుంది. అది టేపును హెడ్‌కు ఆనించి పడుతుంది. ముప్పై ఏళ్ళకు దాని జిగురు ఎండి, ముక్క ఊడి క్యాసెట్ లోపలే పడిపోతుంది. అప్పుడు శబ్దం దుప్పటి కప్పినట్టు మందంగా, వస్తూ పోతూ వినిపిస్తుంది. చాలామంది టేపు చెడిపోయిందనుకుని పారేస్తారు. టేపు బాగానే ఉంటుంది, మార్చాల్సింది దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పెట్టెను. కొత్త పెట్టె కోసం, ఐదు స్క్రూలున్న, అక్కర్లేని మంచి క్యాసెట్ ఒకటి తీసుకోండి. రెండింటినీ బల్ల మీద 'ఏ' (A) వైపు పైకి ఉండేలా పడుకోబెట్టి, స్క్రూలు విప్పి, పై మూతను నిటారుగా ఎత్తండి. టేపు ఏ పిన్ను పక్కనుంచి, ఏ రోలర్ మీదుగా వెళ్తోందో ఫోన్లో ఫోటో తీసుకోండి. రెండు చక్రాలను ఒకేసారి, టేపు మెలిక పడకుండా, అదే వైపు పైకి ఉండేలా కొత్త పెట్టెలోకి మార్చండి. పైనా కిందా ఉండే పలచటి ప్లాస్టిక్ కాగితాలు మర్చిపోతే చక్రం బిగుసుకుని టేపు నలుగుతుంది. స్క్రూలు లేకుండా అతికించేసిన పెట్టె అయితే అతుకు వెంట సన్నటి బ్లేడును పైపైన నడిపి తెరవాలి. లోపలికి గుచ్చకూడదు.

టేపు చివర చక్రం నుంచి ఊడిపోయినా, తెగినా దానికోసమే ఉండే స్ప్లైసింగ్ టేపు వాడాలి. క్యాసెట్ టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు, అతికే ముక్క అంతకన్నా వెడల్పు ఉండకూడదు. సెల్లోటేప్ అంటిస్తే ఆ రోజుకు బాగానే ఆడుతుంది. కొన్ని నెలలకు దాని జిగురు కారి పక్క చుట్టకు అంటుకుంటుంది, ఈసారి రెండు చోట్ల తెగుతుంది.

క్యాసెట్ మీద 60, 90, 120 అని ఉండే అంకె రెండు వైపులూ కలిపి నిమిషాలు. కూటాల్లో ఎక్కువగా వాడింది 90. 120 నిమిషాల టేపు చాలా పలచన. చవక ప్లేయర్‌లో మధ్యలో ఆపి, వెనక్కి తిప్పి, ముందుకు తిప్పితే రోలర్‌కు చుట్టుకుంటుంది. దాన్ని మొదటి నుంచి చివరి దాకా ఒకే ఆటలో కంప్యూటర్‌లోకి ఎక్కించండి. మిగతావాటిని ముందుగా ఒకసారి పూర్తిగా ముందుకు, ఒకసారి పూర్తిగా వెనక్కి తిప్పి అప్పుడు ఆడించండి. ఇందులో రెండు లాభాలున్నాయి. ఏళ్ళ తరబడి కదలని చుట్ట మళ్ళీ సమంగా బిగుస్తుంది. మాటకు ముందే ఆ మాట సన్నగా వినిపించే ప్రతిధ్వని కొంత తగ్గుతుంది. పక్కపక్క చుట్టల అయస్కాంత ముద్ర ఒకదాని మీదికి ఒకటి దిగడం వల్ల వచ్చేది అది. ఎవరో వెనక నుంచి గుసగుసలాడుతున్నట్టు ఉంటుంది.

ఇక ప్లేయర్ శుభ్రత. కొత్తదైనా సరే, హెడ్‌ను ఇయర్‌బడ్‌తో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. చేతులకు రాసుకునే శానిటైజర్ వద్దు, అందులో ఉండే గ్లిసరిన్ హెడ్ మీద పొరలా మిగిలిపోతుంది. రబ్బరు రోలర్‌ను కూడా తుడవాలి గానీ దానికి ఆల్కహాల్ పదే పదే వాడితే రబ్బరు ఎండుతుంది. కొద్దిగా తడి గుడ్డ చాలు. పాత టేపు గోధుమ రంగు పొడి రాలుస్తుంది. నాలుగైదు క్యాసెట్లకు ఒకసారి తుడవకపోతే ఐదో క్యాసెట్ మొదటిదానికన్నా మందంగా వినిపిస్తుంది, తప్పంతా క్యాసెట్‌దే అనుకుంటాం.

కంప్యూటర్ దగ్గరకొద్దాం. ఇది మైకు అనుకున్న విండోస్, మైకుకు చేసే సేవలన్నీ దీనికీ చేస్తుంది. చుట్టుపక్కల చప్పుడు తగ్గించడం, గొంతు తగ్గితే తానే పెంచడం లాంటివి. అవి వీడియో కాల్‌కు మంచివే. ఆరాధన రికార్డింగ్‌లో మాత్రం ఒక్క గొంతును తప్ప అన్నిటినీ చప్పుడు కిందే లెక్కేస్తాయి, పాట మొదలవగానే సంఘం మాయమవుతుంది. సౌండ్ సెట్టింగ్స్‌లో ఈ పరికరం పేరు తెరిచి ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నీ ఆపేయండి. అక్కడే రెండు ఛానళ్ళు, 44,100 హెర్ట్జ్, 16 బిట్ ఎంచుకోండి. ఆడాసిటీలో కూడా అవే పెట్టండి.

లెవెల్ విషయంలో అందరూ చేసే తప్పు ఒకటుంది. క్యాసెట్ మొదట్లో ప్రసంగీకుడు మెల్లగా మాట్లాడుతుంటే దాన్నిబట్టి వాల్యూమ్ పెంచేస్తారు. అరగంట తర్వాత డోలక్, తాళాలు, నాలుగు వందల మంది గొంతులు ఒక్కసారి లేచేసరికి శబ్దం కంప్యూటర్ పట్టగల హద్దు దాటి పగిలిపోతుంది. పగిలిన శబ్దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా అతికించలేదు. అందుకే ముందు క్యాసెట్‌ను అక్కడక్కడ విని, అన్నిటికన్నా పెద్ద పాట దగ్గర ఆడాసిటీ మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా ప్లేయర్ వాల్యూమ్ చక్రం తిప్పి, అక్కడే వదిలేయండి. చాలా మోడళ్ళలో ఇయర్‌ఫోన్ వాల్యూమ్ చక్రమే రికార్డింగ్ లెవెల్‌ను కూడా మారుస్తుంది. మధ్యలో దాన్ని ముట్టుకోకూడదు. ఇంగ్లీషు ప్రసంగానికి వాక్యం వాక్యం తెలుగు అనువాదం జరిగిన కూటాల్లో, అనువాదకుడి మైకు పెద్దగా, ప్రసంగీకుడిది చిన్నగా ఉండటం తరచూ కనిపిస్తుంది. అక్కడ పెద్ద గొంతును బట్టే లెవెల్ పెట్టుకుని, చిన్న గొంతును తర్వాత పెంచుకోవాలి.

వెనక సన్నటి కూత, బుర్రుమనే చప్పుడు వస్తే ముందు ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి. చాలాసార్లు అక్కడితో పోతుంది. కేబుల్‌ను హబ్‌లో కాకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి. ఫోన్‌ను ప్లేయర్ పక్కన ఉంచొద్దు.

ప్లేయర్ అసలు బలహీనత మోటారు. వేగం నిలకడగా ఉండదు. మాటల్లో ఇది తెలియదు. హార్మోనియం మీద ఒక స్వరం పట్టుకుని నిలిపిన చోట మాత్రం దాచలేరు. సూటిగా సాగాల్సిన స్వరం నీళ్ళలో నీడలా ఊగుతుంది. కొన్న వారం లోపే, వెనక్కి పంపే గడువు ఉండగానే, హార్మోనియం నిలిపిన శ్రుతి ఉన్న క్యాసెట్ పెట్టి చూడండి. ఒకే మోడల్‌లో ఒక పీసు ఫర్వాలేదనిపిస్తుంది, ఇంకొకటి భరించలేం.

ఊగడం వేరు, మొత్తం వేగమే తేడాగా ఉండటం వేరు. వేగం 3 శాతం పెరిగితే శ్రుతి అర స్వరస్థానం పైకి పోతుంది, 6 శాతం దగ్గర ఒక పూర్తి స్వరస్థానం. తెలిసిన గొంతు తెలియనిదైపోతుంది. సరిచేయడానికి బయటి దేశాల్లో టేపులో వినిపించే కరెంటు గుయ్‌మనే శబ్దాన్ని కొలతగా తీసుకోమంటారు. మన దగ్గర ఆ రోజుల్లో కరెంటు ఫ్రీక్వెన్సీయే 50 దగ్గర నిలకడగా ఉండేది కాదు, కాబట్టి ఆ కొలత మనకు నప్పదు. మనకు అంతకన్నా నమ్మకమైనది సంఘం హార్మోనియం. దాని రీడ్ల శ్రుతి ఏళ్ళ తరబడి పెద్దగా మారదు. అదే పెట్టె ఇంకా గుడిలో ఉంటే, క్యాసెట్‌లో పాట ఏ మెట్టు మీద మొదలైందో పోల్చుకోవచ్చు. పెట్టె లేకపోయినా ఒకే సంఘం క్యాసెట్లన్నీ పక్కపక్కన వింటే ఏది పైకి పోయిందో తెలుస్తుంది. పాత కీర్తనల పుస్తకాల్లో పాట పైన రాగం, తాళం అచ్చయి ఉంటాయి. రాగం తెలిసినవాళ్ళు పక్కన ఉంటే పని ఇంకా సులువు. సరిచేసేటప్పుడు ఆడాసిటీలో ఛేంజ్ స్పీడ్ (కొత్త వెర్షన్లలో ఛేంజ్ స్పీడ్ అండ్ పిచ్) వాడాలి. శ్రుతి ఒక్కటే మార్చేది, తాళం ఒక్కటే మార్చేది వాడితే గొంతు కృత్రిమంగా తయారవుతుంది.

ఇంకో రకం తేడా కూడా ఉంది. క్యాసెట్ మొదట్లో గొంతు మామూలుగానే ఉండి, పోను పోను సన్నబడి, చివరికి చిన్నపిల్లల మాటలా పరుగెడుతుంటే ఆ రోజు రికార్డర్ బ్యాటరీలతో నడిచిందన్నమాట. బ్యాటరీలు తగ్గేకొద్దీ టేపు నెమ్మదిగా కదిలింది. ఇప్పుడు సరైన వేగంతో ఆడిస్తే అది పరుగెడుతున్నట్టు వినిపిస్తుంది. కరెంటు లేని పల్లెల్లో, పందిళ్ళ కింద జరిగిన కూటాల క్యాసెట్లలో ఇది తరచూ ఎదురవుతుంది. ఐదేసి నిమిషాల ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కకు వేగం విడిగా తగ్గించాలి. ఓపిక కావాలి. మొత్తం సాక్ష్యం కాకపోయినా చివరి ప్రార్థన వరకైనా చేయండి, ఎందుకంటే బాగా చెడిపోయేది చివరే, పేర్లు పెట్టి ప్రార్థన చేసేదీ చివర్లోనే.

శబ్దం మొత్తం మందంగా ఉండి, ఫెల్ట్ బాగానే ఉండి, హెడ్ శుభ్రంగానే ఉంటే తప్పు చాలాసార్లు హెడ్ కోణంలో ఉంటుంది. ఆ కోణాన్ని మార్చేది హెడ్ పక్కన స్ప్రింగు ఉన్న చిన్న స్క్రూ. చాలా ప్లేయర్లలో మూతకు ఉన్న సన్నటి రంధ్రంలోంచి అందుతుంది. తిప్పే ముందు ఉన్న చోటును మార్కరుతో గుర్తు పెట్టుకోండి. క్యాసెట్ ఆడుతుండగా స, శ అక్షరాలు వింటూ పావు చుట్టు లోపే అటూ ఇటూ తిప్పండి. ఆ అక్షరాలు పదునుగా వినిపించిన చోట ఆపండి. ఒక్కో సంఘం రికార్డర్ ఒక్కో కోణంలో రాసి ఉంటుంది కాబట్టి ఒక పెట్టెలోని క్యాసెట్లన్నిటికీ ఒకే అమరిక కుదరదు. చవక ప్లేయర్‌లో మనకు నిజంగా లాభం కలిగించే పని ఇదొక్కటే. ఒక్క స్క్రూతో రేటింగు అర నక్షత్రం పెరుగుతుంది.

ఆ కాలపు రికార్డర్లు ఎక్కువగా మోనో. ప్లేయర్ స్టీరియో కాబట్టి ఒకే మాట రెండు ఛానళ్ళలో వస్తుంది. వృథా అనుకుని ముందే మోనోగా ఎక్కించొద్దు. టేపు ఒక అంచు నలిగి ఉంటే ఒక ఛానల్‌లో మాట తెగుతుంది, రెండోదాంట్లో నిలిచి ఉంటుంది. ఆ రెండోదాన్నే ఉంచుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం: శుభ్రం చేయడం. టేపులోంచి వచ్చే సర్రుమనే హోరు పోగొట్టాలని అందరికీ ఉంటుంది. ఆడాసిటీలో నాయిస్ రిడక్షన్ అనే సాధనం, ఒక చోట హోరు నమూనా చూపిస్తే, మొత్తం మీద అలాంటిదాన్ని తగ్గిస్తుంది. చాలామంది నమూనాను ప్రార్థనల మధ్య మౌనంలోంచి తీసుకుంటారు. ఆ మౌనంలో టేపు హోరు ఒక్కటే ఉండదు. ఫ్యాన్లు, చాప మీద సర్దుకునే కాళ్ళు, పసిబిడ్డ ఊపిరి, బయట చెట్టు మీద కాకులు కూడా ఉంటాయి. పైగా, అందరూ ఒక్కసారిగా గొంతెత్తి ఎవరి ప్రార్థన వాళ్ళు చేసుకునేటప్పుడు వచ్చే ఆ ఘోష కంప్యూటర్‌కు టేపు హోరులాగే కనిపిస్తుంది. 20 డెసిబెల్స్ తగ్గించారంటే ఆ ఘోష నీళ్ళలో బుడగల చప్పుడులా మారిపోతుంది. ప్రసంగీకుడు ఖాళీ గదిలో నిలబడి మాట్లాడినట్టు మిగులుతాడు. మనం వెతుక్కుంటూ వచ్చిన సహవాసాన్ని మన చేతులతోనే చెరిపేసినట్టవుతుంది.

నమూనాను రికార్డింగ్ మొదలవడానికి ముందున్న ఒకటి రెండు సెకన్ల ఖాళీ టేపులోంచి తీసుకోండి. తగ్గింపు 6 డెసిబెల్స్ దాటొద్దు. అసలు ఫైలును ముట్టుకోకుండా కాపీ మీదే చేయండి. మెదక్, డోర్నకల్ లాంటి పెద్ద రాతి గుళ్ళలో జరిగిన ఆరాధనల్లో మాట వెంట వచ్చే మోత కూడా లోపం కాదు. మెదక్ చర్చి 1924లో, డోర్నకల్ కెథడ్రల్ 1939లో ప్రతిష్ఠించినవి. ఆ కప్పుల కింద పాట అలాగే వినిపిస్తుంది. అక్కడ కూర్చున్నవాళ్ళకు గుర్తున్నదీ ఆ మోతే.

ఇదే లెక్కన ఎడిటింగ్‌లో కోసేసేవాటి గురించి. మొదట్లో మైకు తట్టి హలో హలో అనడం, పాట నంబరు చెప్పగానే పుస్తకాల పేజీలు తిప్పే గలగల, ముసలాయన ఆమేన్ అందరికన్నా ఆలస్యంగా రావడం, ఆశీర్వాదం తర్వాత కూడా ఆపకుండా వదిలేసిన టేపులో ప్రేమ విందుకు ఆకులు వేసే సందడి. విన్నవాళ్ళు మొదట గుర్తుపట్టేవి ఇవే. ఏదీ కోయొద్దు. 'ఏ' వైపు అయిపోయి 'బీ' వైపు తిప్పేలోగా పోయిన రెండు మూడు మాటలను అతికి కలిపేయకుండా, ఒక సెకను ఖాళీ వదిలేయండి.

రికార్డింగు రకాన్ని బట్టి కూడా విలువ మారుతుంది. యాంప్లిఫయర్‌కు తీగ కలిపి చేసినవాటిలో మైకు గొంతు స్పష్టంగా, సంఘం దూరంగా ఉంటుంది. రికార్డర్‌ను జనం మధ్య చాప మీద పెట్టి చేసినవాటిలో ప్రసంగం సరిగా వినపడదు గానీ, పక్కనున్న నలుగురి పాట చెవిలో పాడినట్టుంటుంది. చాలామంది మొదటి రకానికే విలువిస్తారు. మా దృష్టిలో రెండో రకం ఎక్కువ విలువైనది, ముందు ఎక్కించాల్సింది కూడా అదే.

లెక్కలు చెప్పుకుందాం. ఈ అమరికలతో వేవ్ ఫైలు (కుదించని శబ్దం ఫైలు) నిమిషానికి దాదాపు 10.6 ఎంబీ, 90 నిమిషాల క్యాసెట్‌కు సుమారు 950 ఎంబీ. యాభై క్యాసెట్లకు 48 జీబీ దాకా. ఫ్లాక్ పద్ధతిలో దాచితే నాణ్యత తగ్గకుండానే చోటు బాగా తగ్గుతుంది. కాలాన్ని మాత్రం తగ్గించలేం. 90 నిమిషాల క్యాసెట్‌కు 90 నిమిషాలూ పడుతుంది, తుడవడం, తిప్పడం, పేరు పెట్టడంతో కలిపి రెండు గంటలనుకోండి. పెన్‌డ్రైవ్‌ను పంచడానికే వాడండి, దాచడానికి హార్డ్ డిస్క్ మేలు. ఒక డిస్క్ సంఘంలో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న ఎవరింట్లోనైనా ఉండాలి. పంచడానికైతే 64 కేబీపీఎస్ మోనో ఎంపీ3 చాలు. ఏడు నిమిషాల ముక్క మూడున్నర ఎంబీ లోపే వస్తుంది, అమెరికాలో ఉన్న మనవడికైనా వెంటనే వెళ్తుంది.

ఎవరికైనా వినిపించేటప్పుడు మొత్తం క్యాసెట్ పెట్టొద్దు. జబ్బుతో మంచాన ఉన్నవాళ్ళకు, చాలాకాలంగా గుడికి దూరమైనవాళ్ళకు ఆరేడు నిమిషాలు చాలు. వాళ్ళకు తెలిసిన పాట ఒకటి, దాని వెంటనే ప్రార్థన. పాట నడుస్తుండగా వాళ్ళ పెదవులు కదలడం మొదలైతే మధ్యలో ఆపి ఇది ఎవరి గొంతో చెప్పండి అని అడగొద్దు, పాట పూర్తి కానివ్వండి. పెద్దవాళ్ళకు సన్నటి శబ్దాలు తగ్గి వినిపిస్తాయి కాబట్టి ఫోన్ స్పీకర్ మీద కాకుండా, కాస్త పెద్ద స్పీకర్‌ను మంచానికి మూడడుగుల లోపు పెట్టండి.

పంచేముందు ఇంకో జాగ్రత్త. సాక్ష్యాల్లో మనుషులు తమ తాగుడు, అప్పులు, ఇంటి గొడవలు, రోగాలు సంఘాన్ని నమ్మి చెప్పుకున్నారు. ఆ నమ్మకం ఆ పందిరి లోపలిది. వాళ్ళనో, వాళ్ళ పిల్లలనో అడగకుండా యూట్యూబ్‌లో పెట్టడం తప్పు. ప్రార్థన మనవులు కూడా అంతే. అమ్మకానికి వచ్చిన పాటల క్యాసెట్లకు హక్కుదారులు ఉంటారు, వాటిని ఇంట్లో వినడం వరకే ఉంచుకోండి.

ఈ ప్లేయర్ ఎవరు కొనాలి? పది, పదిహేను క్యాసెట్లుండి, వాటిలో ఎక్కువ మాటలే అయితే కొనండి. పాటల ఆరాధనలు ఎక్కువగా ఉంటే, లేదా సంఘం మొత్తానిది యాభై దాటితే, లైన్ అవుట్ (శబ్దాన్ని తీగతో బయటికి పంపే రంధ్రం) ఉన్న పాత క్యాసెట్ డెక్ ఒకటి సంపాదించి, బెల్టులు మార్పించి, ఆ శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్‌కు కలపడం మేలు. ఖర్చు పెరుగుతుంది గానీ హార్మోనియం ఊగదు. అప్పుడు కూడా ఈ చిన్న ప్లేయర్‌ను ఉంచుకోండి, ఏ క్యాసెట్‌లో ఏముందో ముందుగా వినడానికి. క్యాసెట్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే స్టూడియోకు ఇవ్వాలనుకుంటే ముందే అడగాల్సినవి కొన్నున్నాయి. వేవ్ ఫైలు ఇస్తారా, ఎంపీ3 ఒక్కటే ఇస్తారా? హోరు తగ్గించకుండా ఇస్తారా? క్యాసెట్లు తిరిగి ఇస్తారా? మొదటి ప్రశ్నకు నీళ్ళు నమిలితే ఇంకో చోటు చూడండి.

ఫైలు పేరులో ముందు సంవత్సరం, నెల, తర్వాత సందర్భం, తర్వాత 'ఏ' వైపో 'బీ' వైపో రాయండి. సంవత్సరం తెలియకపోతే ఊహించి వేయొద్దు, తెలియదనే రాయండి. క్యాసెట్ కవరు లోపలి అట్టను రెండు వైపులా ఫోటో తీసి అదే ఫోల్డర్‌లో పెట్టండి, ఆ చేతిరాత కూడా గుర్తే. ఒక నోటు పుస్తకంలో నిమిషాలవారీగా గీతలు కొట్టుకుని, ఏ నిమిషంలో పాట, ఏ నిమిషంలో ఎవరి ప్రార్థన అని రాయండి. తెలియని గొంతు దగ్గర ప్రశ్న గుర్తు పెట్టండి. ఆ పుస్తకం పట్టుకుని, సంఘంలో అందరికన్నా పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, ప్రశ్న గుర్తులున్న చోట్లు మాత్రం వినిపించండి. ఎక్కించే వరుసను కూడా దీన్నిబట్టే నిర్ణయించుకోండి. టేపు ఎంత పాతదన్నది రెండో సంగతి. ఆ గొంతుల్ని గుర్తుపట్టగలిగినవాళ్ళు ఒకరిద్దరే మిగిలిన క్యాసెట్ ఏదో, అది మొదట పెట్టండి.